దిండు కింద దాచిన చపాతీ

పిల్లల సంరక్షణ గృహాల్లో పనిచేసిన వారిని ఎవరినైనా అడగండి, ఈ సంగతి చెబుతారు. కొత్తగా వచ్చిన పిల్ల కడుపు నిండా తింటుంది. అయినా రాత్రి పక్క దులిపితే దిండు కింద చపాతీ ముక్క, గౌను జేబులో అన్నం మెతుకులు, పెట్టె అడుగున మెత్తబడిన బిస్కెట్లు దొరుకుతాయి. చీమలు పడతాయి, ఎలుకలు వస్తాయి. హౌస్ మదర్ కసురుతుంది. "అడిగితే పెట్టమా? ఈ దొంగబుద్ధి ఎందుకు నీకు?" అంటుంది. పెట్టె వెతికి అన్నీ పారేస్తారు. మర్నాటి నుంచి ఆ పిల్ల మరింత నేర్పుగా దాచడం మొదలుపెడుతుంది.

ఆ హౌస్ మదర్ చెడ్డ మనిషి కాదు. ఆమె చెప్పింది అబద్ధమూ కాదు. అడిగితే నిజంగానే పెడుతుంది. కానీ ఆ పిల్ల జీవితంలో అంతవరకు "అడిగితే పెడతారు" అన్న మాట ఒక్కసారీ నిజం కాలేదు. పూట గడుస్తుందో లేదో తెలియని రోజుల్లో తిండి దాచుకోవడం తెలివైన పని, ప్రాణం నిలబెట్టిన పని. పరిస్థితి మారిందని శరీరం నమ్మాలంటే ఒక మాట సరిపోదు, నెలలు పడుతుంది.

దీనికి చేయగలిగింది ఒకటుంది. ఆ పిల్లకు మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి ఇవ్వాలి. అందులో వేయించిన శనగలో, బిస్కెట్లో, ఒక అరటిపండో ఎప్పుడూ ఉండేలా చూడాలి. అది తనదేనని, ఎవరూ ముట్టుకోరని, ఖాళీ అయితే మళ్లీ నింపుతామని చెప్పాలి, చెప్పినట్టే చేయాలి. తొలి రోజుల్లో డబ్బా గంటలో ఖాళీ అవుతుంది. తర్వాత సాయంత్రానికి ఖాళీ అవుతుంది. ఒక దశలో అది నిండుగానే మంచం పక్కన ఉండిపోతుంది. చాలామంది పిల్లలు ఇలాగే నెమ్మదిగా ఆ భయం నుంచి బయటపడతారు.

మనసున్న హౌస్ మదర్ ఉంటే ఆ డబ్బా వస్తుంది. ఆమె సెలవు పెడితే? కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోతే? కొత్తగా వచ్చినామె ఆ డబ్బాను చూసి "గదిలో తిండి పెట్టుకోకూడదు" అని తీసేస్తే? అప్పుడు ఆ పిల్ల నేర్చుకునే పాఠం మొదటిదానికంటే ఘోరంగా ఉంటుంది. కరుణ ఒక మనిషి మంచితనం మీద ఆధారపడినంత కాలం అది పిల్లకు దక్కిన అదృష్టం మాత్రమే. అది ఆ ఇంటి పద్ధతిగా, డ్యూటీ పుస్తకంలో రాసుకున్న నియమంగా, వంటగది లెక్కల్లో ఒక పద్దుగా మారాలి. సంరక్షణ రంగంలో గత పాతికేళ్లుగా వినిపిస్తున్న "ట్రామా ఇన్ఫార్మ్డ్" అన్న మాటకు, అంటే గాయాన్ని ఎరిగిన పద్ధతి అన్నదానికి, నాకు తెలిసినంతలో అసలు అర్థం ఇదే.

మన హైవేల పక్కన ఆసుపత్రుల బోర్డుల మీద "ట్రామా కేర్" అని కనిపిస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం ప్రమాదంలో ఒంటికి తగిలిన దెబ్బ. గ్రీకు మూలంలో కూడా దాని అర్థం గాయమే. మనసుకు తగిలే గాయానికి వైద్యశాస్త్రంలో స్థిరమైన పేరు దొరకడానికి చాలా కాలం పట్టింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల కలతలు, అత్యాచార బాధితుల తరఫున మహిళా ఉద్యమాలు వినిపించిన గొంతు కలిసి ఒత్తిడి తెచ్చాక, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన వ్యాధుల నిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో పీటీఎస్‌డీ (గాయం తర్వాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి రుగ్మత) అనే పేరును చేర్చింది.

గాయం అంటే జరిగిన సంఘటన ఒక్కటే కాదు. ఒకే వరదలో ఇల్లు పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆరు నెలల్లో తేరుకోవచ్చు, మరొకరు ఏళ్ల తరబడి వాన చప్పుడుకే వణకవచ్చు. ఏ వయసులో జరిగింది, ఒక్కసారా పదేపదేనా, చేసింది పరాయివారా సొంతవారా, ఆ తర్వాత ఎవరైనా దగ్గరికి తీసుకున్నారా అన్నవాటిని బట్టి తేడా వస్తుంది. ఈ చివరిదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది, ఎందుకంటే సంరక్షణ సంస్థ చేతిలో ఉన్నది అదొక్కటే. జరిగిపోయినదాన్ని ఎవరూ మార్చలేరు.

పాము కరిచినవాడు తాడును చూసినా భయపడతాడని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. మెదడులో జరిగేదీ అదే. ప్రమాదాన్ని పసిగట్టే భాగం ఆలోచించే భాగం కంటే వేగంగా పనిచేస్తుంది. తాడా పామా అని తేల్చుకునేలోగా గుండె వేగం పెరిగి, కండరాలు బిగుసుకుని, శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది. రెండూ సాధ్యం కానప్పుడు బిగదీసుకుపోతుంది. చిన్నతనం నుంచీ ప్రమాదంలోనే బతికిన పిల్లలో ఈ ప్రమాద ఘంటిక ఆగకుండా మోగుతూనే ఉంటుంది. తలుపు గొళ్లెం చప్పుడు, బీడీ వాసన, వెనక నుంచి భుజం మీద పడిన చేయి, పెద్ద గొంతు, ఏదైనా సరే ఆమెకు పామే. పిలిస్తే పలకకపోతే "పొగరు" అంటాం. నిజానికి ఆమె గడ్డకట్టుకుపోయి ఉండవచ్చు. తాకగానే చేయి విసిరితే "పెంకితనం" అంటాం. తరగతిలో కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే "చదువు మీద ధ్యాస లేదు" అంటాం.

విసుగొచ్చినప్పుడు మన నోటి నుంచి వచ్చే "నీకేం రోగం?" అన్న తిట్టును గమనించండి. లోపం ఆ పిల్లలోనే ఉందన్న తీర్పు అందులో ముందే ఉంది. దాని బదులు "ఈ పిల్లకు ఏం జరిగి ఉంటుంది?" అని ప్రశ్నించుకోవాలంటుంది ఈ పద్ధతి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ ప్రశ్నను వేసుకోవలసింది మనలో మనం. పిల్లను కూర్చోబెట్టి "ఏం జరిగిందో చెప్పు" అని తవ్వమని దాని అర్థం కాదు. అప్పటికే ఆమె ఆ కథను పోలీసులకు, డాక్టరుకు, బాలల సంక్షేమ సమితి సభ్యులకు, కౌన్సెలర్‌కు చెప్పి అలసిపోయి ఉంటుంది. విపత్తు బాధితులను ఒక్క విడతలో కూర్చోబెట్టి అనుభవమంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా చలామణీలో ఉండేది. పరిశోధనలను కలిపి చూస్తే దానివల్ల తర్వాతి కలతలు తగ్గలేదని, కొందరికి కీడు కూడా జరిగిందని తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో మూడే పనులు ఉన్నాయి: చూడటం, వినటం, అవసరమైన సహాయానికి కలపటం. చెప్పాలనుకుంటే వినాలి. చెప్పించకూడదు.

చిన్ననాటి గాయాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధం అనుకోకుండా బయటపడింది. 1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు ఊబకాయులకు చికిత్స చేసేవారు. బాగా బరువు తగ్గుతున్నవారే మధ్యలో మానేసి వెళ్లిపోవడం ఆయనకు అంతుపట్టలేదు. వారితో వివరంగా మాట్లాడితే చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారని తెలిసింది. కొందరికి ఆ బరువు ఒక కవచం. తర్వాత ఆయన, ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థకు చెందిన రాబర్ట్ ఆండా కలిసి 1995 నుంచి 1997 వరకు 17,000 మందికి పైగా పెద్దలను వారి బాల్యం గురించి అడిగారు. 1998లో వెలువడిన తొలి ఫలితాల ప్రకారం, హింస, ఇంట్లో తాగుడు వంటి ప్రతికూల అనుభవాలు నాలుగు రకాలు లేదా అంతకు మించి ఉన్నవారికి మద్యపాన వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు ఏవీ లేనివారితో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ.

ఈ అధ్యయనానికి పేరొచ్చాక ఒక దురలవాటు కూడా వచ్చింది. ప్రతి బిడ్డకూ అనుభవాల జాబితా చదివి, మార్కులు వేసి, "ఈ పిల్లకు ఏడు" అని ఫైలు మీద రాయడం. 2020లో ఆండాయే మరికొందరితో కలిసి రాసిన వ్యాసంలో ఇది తప్పని చెప్పారు. ఆ లెక్క జనసమూహాల గురించి చెబుతుందే తప్ప ఒక మనిషి భవిష్యత్తును చెప్పదు. మనకు జాతకాల అలవాటు ఎలాగూ ఉంది. బాలసదనాల్లో కొత్త జాతకం మొదలుకాకుండా చూసుకోవాలి.

ఇప్పుడు సంస్థ సంగతికి వద్దాం. గాయానికి చికిత్స చేయడం వేరు, గాయాన్ని ఎరిగి నడుచుకోవడం వేరు. మొదటిది శిక్షణ పొందిన మానసిక వైద్యులు, కౌన్సెలర్ల పని. రెండోది వాచ్‌మన్ నుంచి సూపరింటెండెంట్ వరకు అందరిదీ. ఈ తేడాను 2001లో మాక్సిన్ హారిస్, రోజర్ ఫాలట్ అనే అమెరికన్ మనస్తత్వ నిపుణులు స్పష్టంగా వివరించారు. 2014లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవల విభాగం దాన్ని నాలుగు క్రియలకు కుదించింది: గాయాలు ఎంత విస్తృతమో గ్రహించాలి, వాటి ఆనవాళ్లను గుర్తుపట్టాలి, ఆ ఎరుకతో స్పందించాలి, సంస్థే మళ్లీ గాయం చేయకుండా కాచుకోవాలి. నాలుగోదే అన్నిటికంటే కష్టం.

ఆసుపత్రిలో నర్సు గ్లౌజులు వేసుకునేటప్పుడు "నీకు ఏదైనా ఇన్ఫెక్షన్ ఉందా" అని అడిగి వేసుకోదు. అందరి విషయంలోనూ వేసుకుంటుంది. ఇదీ అలాంటిదే. ఎవరికి గాయముందో కనిపెట్టి వారితో మాత్రమే మెల్లగా ఉండటం కాదు. ఎవరికీ కీడు చేయని పద్ధతులను అందరికీ ఒకేలా పాటించడం.

ఒక గృహంలో మొదటి గంటను ఊహించండి. రాత్రి తొమ్మిదైంది. పదేళ్ల పిల్ల పోలీసు జీపు దిగింది. రిజిస్టరులో వివరాలు రాయాలి, ఫొటో తీయాలి, తలలో పేలు చూడాలి, స్నానం చేయించాలి, బట్టలు మార్చాలి, పడక చూపించాలి. ఇవన్నీ అవసరమైన పనులే. కానీ ఆ పిల్ల వైపు నుంచి చూడండి. ఎవరో తెలియనివారు తన బట్టలు విప్పమన్నారు. తన సంచి తీసుకున్నారు. ఒంటి మీద చేతులు వేశారు. బయట తలుపు తాళం పడింది. తనకు ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు. ఆమె ఏ ఇంటి నుంచి తప్పించుకుని వచ్చిందో అక్కడ జరిగింది కూడా సరిగ్గా ఇదే వరుసలో కావచ్చు.

అవే పనులను మరోలా చేయవచ్చు. ముందు మంచినీళ్లు, అన్నం. "రా తల్లీ, తిన్నాక మాట్లాడుకుందాం." ప్రతి పనికీ ముందు ఒక వాక్యం: "ఇప్పుడు నీ పేరు రాసుకుంటాను, తర్వాత స్నానాల గది చూపిస్తాను." తన ఒళ్లు తానే రుద్దుకోగల పిల్లను రుద్దుకోనివ్వడం. గడియ లోపలి వైపు ఉండటం, హౌస్ మదర్ బయట నిలబడి మాట్లాడుతూ ఉండటం. రెండు గౌన్లు చూపించి ఏది కావాలో అడగడం. పేలు ఉంటే మందు, దువ్వెన, గుండు కాదు. వేసుకొచ్చిన పాత బట్టలను పారేయకుండా ఉతికి తిరిగి ఇవ్వడం, ఎందుకంటే అందులో అమ్మ వాసన ఉండవచ్చు. బాత్‌రూము, లైటు స్విచ్చి ఎక్కడున్నాయో, రాత్రి భయం వేస్తే ఎవరిని లేపాలో చూపించడం. రేపు ఏం జరుగుతుందో చెప్పడం కూడా. చట్టం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా ఆమెను బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఈ సంగతి సిబ్బంది అందరికీ తెలుసు. తెలియనిది ఆ పిల్లకే.

మిగిలిన రోజంతా ఇదే చూపుతో పరిశీలించవచ్చు. పక్క తడిపిన పిల్లాడి చేత దుప్పటి అందరి ముందూ ఎండలోకి మోయించే గృహాలు ఉన్నాయి. సిగ్గుపడితే మానుకుంటాడని వారి నమ్మకం. సిగ్గు భయాన్ని పెంచుతుంది, భయం పక్కను తడుపుతుంది. మంచం కింద ఒక అదనపు దుప్పటి పెట్టి, రాత్రి చిన్న దీపం వెలిగించి, తెల్లవారుజామున చడీచప్పుడు లేకుండా మార్చేస్తే ఆ పిల్లాడి రోజు పరువుతో మొదలవుతుంది. రాత్రి గస్తీ తిరిగేవారు టార్చి ముఖం మీద వేయకుండా, గదిలోకి వచ్చే ముందు గుమ్మంలో మెల్లగా తమ పేరు చెప్పడం కూడా నేర్పించవలసిన సంగతే.

దాతల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ పుట్టినరోజుకో, పెద్దల సంవత్సరీకానికో అనాథాశ్రమానికి వెళ్లి పిల్లలకు భోజనం పెట్టడం మంచి ఆచారంగా స్థిరపడింది. వారి ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలను వరుసగా నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, పాట పాడించి, పళ్లెం చేతికిచ్చేటప్పుడు ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేసరికి ఆ భోజనం బరువెక్కుతుంది. అమ్మానాన్నలు లేరన్న సంగతిని ఆదివారం ఆదివారం కొత్తవారి ముందు నటించి చూపించవలసి వస్తుంది. సంరక్షణలో ఉన్న పిల్లలను గుర్తుపట్టేలా పేరు, ఫొటో ప్రచారం చేయడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది కూడా. సరుకులు వంటగదికి ఇవ్వండి. పిల్లలతో గడపాలనుంటే, తగిన అనుమతి తీసుకుని, ఏడాది పాటు ప్రతి వారం ఒకే రోజు వచ్చి లెక్కలు నేర్పండి. వచ్చి మాయమయ్యే మనుషులు ఆ పిల్లల జీవితంలో ఇప్పటికే చాలామంది ఉన్నారు.

ఇదంతా విదేశీ సరుకని కొట్టిపారేసేవారు మన చట్టాలను ఒకసారి చదవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లో మూలసూత్రాలు ఉన్నాయి. బిడ్డ గౌరవం, బిడ్డ మాటకు విలువ, గోప్యత, నింద మోపే మాటలు వాడకపోవడం, సంస్థలో ఉంచడం చివరి మార్గం మాత్రమే కావడం వాటిలోనివే. ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో నమోదు చేయాలి. అది కూడా యూనిఫాం వేసుకోని అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై చేయాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టుకు పదేపదే పిలవకూడదు, నిందితుడు ఎదురుపడకుండా చూడాలి. హైదరాబాద్‌లో 2016లో పోలీసులు మొదలుపెట్టిన భరోసా కేంద్రం, 2015 నుంచి కేంద్ర పథకంగా వచ్చిన సఖి కేంద్రాల వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే: వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద ఉంటే బాధితులు ఒకే కథను పది గుమ్మాల్లో చెప్పుకోనక్కర్లేదు.

ఇంకా సూటిగా రాసిన చట్టం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. దాని వెనక పెద్ద విషాదాల చరిత్ర ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది రోగులు పారిపోలేక కాలిపోయారు. ఇప్పటి చట్టం గొలుసులు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఒంటరిగా బంధించకూడదంది. బలవంతంగా గుండు కొట్టించకూడదని, కోరుకుంటే రోగి సొంత బట్టలు వేసుకునే హక్కు ఉందని కూడా రాసింది. ఒక దేశపు చట్టం జుట్టు గురించి, బట్టల గురించి రాయవలసి వచ్చిందంటే, ఆ చిన్న సంగతులు మనిషిని ఎంతగా విరిచాయో అర్థమవుతుంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా గృహాలు ఎందుకు మారడం లేదు? ఇక్కడే సిబ్బంది గురించి మాట్లాడుకోవాలి.

1960 ప్రాంతంలో ఇసబెల్ మెంజీస్ అనే మనోవిశ్లేషకురాలు లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల పనితీరును పరిశీలించారు. నర్సులు రోగులను పేరుతో పిలవడం లేదు. "పదో మంచం లివరు", "పదిహేనో మంచం న్యుమోనియా" అంటున్నారు. ఒకే రోగిని ఒకే నర్సు చూడకుండా పనిని ముక్కలుగా పంచుతున్నారు. తరచూ వార్డులు మారుస్తున్నారు. ఇది కఠినత్వం కాదని ఆమె గ్రహించారు. నొప్పిని, చావును రోజంతా దగ్గరగా చూసే మనుషులు ఆ ఆందోళనను తట్టుకోవడానికి సంస్థే కట్టుకున్న గోడ అది. ఆ గోడ వెనక నర్సులకు కూడా సుఖం లేదు. పని మీద ప్రేమ ఉన్నవారే ముందుగా వెళ్లిపోతున్నారు.

మన గృహాల్లోనూ ఆ గోడను గుర్తుపట్టవచ్చు. "ఆ పోక్సో కేసు పిల్ల", "పారిపోయే బ్యాచ్" వంటి మాటలు దాని ఇటుకలే. హౌస్ మదర్ ఉద్యోగం ఎలాంటిదో ఆలోచించండి. చాలాచోట్ల చాలీచాలని జీతం, కాంట్రాక్టు కొలువు, పండక్కి కూడా ఇంటికి వెళ్లలేని డ్యూటీలు. అర్ధరాత్రి కేక పెట్టి లేచే పిల్లను ఒళ్లో వేసుకునేది ఆమె. ఆ పిల్ల తన తండ్రి గురించి మొదటిసారి నోరు విప్పేదీ ఆమె దగ్గరే. తెల్లారితే మళ్లీ పప్పు లెక్క, పాల లెక్క చూడాలి. విన్నది ఎవరితో చెప్పుకోవాలి? అలాంటి కథలు విని విని వినేవారికి కూడా నిద్ర పట్టకపోవడం, సొంత పిల్లల విషయంలో అతిగా భయపడటం, చివరికి దేనికీ చలించకపోవడం జరుగుతాయి. కొందరు హౌస్ మదర్లు తమ జీవితంలో హింసను చూసి బయటపడి ఈ పనిలోకి వచ్చినవారే. ఆ అనుభవం వారికి పిల్లల మనసు తెలుసుకునే శక్తినిస్తుంది, పాత పుండును రేపుతుంది కూడా.

కాబట్టి సిబ్బందిని కసిరే సంస్థలో పిల్లలను కసరవద్దని బోర్డు రాసి ప్రయోజనం లేదు. పైన ఏ గొంతు వినిపిస్తుందో అదే గొంతు కిందికి దిగుతుంది. మెమోలతో నడిచే చోట హౌస్ మదర్ పిల్లలను భయంతోనే నడుపుతుంది, ఎందుకంటే గొడవ జరిగితే ముందు సంజాయిషీ అడిగేది ఆమెనే. మారవలసినవి ఏమిటో చెప్పడం తేలికే: డ్యూటీ మారేటప్పుడు పావుగంట కూర్చుని ఏ పిల్లకు ఈ రోజు ఎలా గడిచిందో అప్పగించడం, వారానికి ఒక గంట, తప్పులు వెతకని ఒక పెద్దమనిషితో మాట్లాడుకునే సమయం, పెద్ద గొడవ జరిగిన రాత్రి ఆమెకు బదులు మరొకరు రావడం. మన కార్యాలయాల్లో పర్యవేక్షణ అంటే తనిఖీ అనే అర్థం పాతుకుపోయింది. ఈ రంగంలో ఆ మాటకు ఉండవలసిన అర్థం బరువు దింపుకునే చోటు.

సిబ్బంది దగ్గర నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అయితే ఏం చేసినా ఊరుకోవాలా? మొక్కై వంగనిది మానై వంగునా?" ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. ఇరవై మంది పిల్లలున్న గదిలో ఒకడు మరొకడి తల పగలగొడితే ఆపాలి. అయితే గాయపడిన పిల్లలకు కావలసింది నియమాలు లేకపోవడం కాదు. నియమాలు రోజూ ఒకేలా ఉండటం. నిన్న నవ్వి వదిలేసినదానికి ఈ రోజు కొట్టే మనిషి వారికి బాగా తెలుసు, అలాంటి మనిషి దగ్గర నుంచే వారు వచ్చారు. ముందే చెప్పిన నియమం, ముందే తెలిసిన పర్యవసానం, గొడవ చల్లారాకే మాట, ఆ మాట తర్వాత మళ్లీ మామూలుగా పళ్లెంలో అన్నం. శిక్షగా భోజనం ఆపడం, అమ్మ ఫోను రద్దు చేయడం ఎన్నడూ ఉండకూడదు. కొట్టడం మాట చెప్పనక్కర్లేదు: బాలల న్యాయ చట్టం 82వ సెక్షన్ కింద సంస్థలో బిడ్డను దండిస్తే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు, పైగా ఉద్యోగం నుంచి తొలగింపు.

మెత్తగా ఉంటే అదుపు తప్పుతుందన్న భయానికి ఒక పరిశోధన సమాధానం ఇచ్చింది. ఇంగ్లండ్‌లో లెన్ బవర్స్ బృందం 15 ఆసుపత్రుల్లోని 31 మానసిక వైద్య వార్డుల్లో సేఫ్‌వార్డ్స్ అనే పద్ధతిని పరీక్షించింది. అందులో ఉన్నవి చాలా మామూలు పనులు. సిబ్బంది, రోగులు ఒకరి ఇష్టాలు ఒకరు తెలుసుకోవడం, వద్దని చెప్పేటప్పుడు మాట మృదువుగా ఉండటం, చెడు కబురు వచ్చినప్పుడు ముందుగానే తోడు నిలవడం, డ్యూటీ అప్పగించేటప్పుడు ప్రతి రోగి గురించి ఒక మంచి మాటైనా చెప్పడం. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం ఘర్షణలు 15 శాతం, కట్టడి చర్యలు 26 శాతం తగ్గాయి. మొత్తం సంస్థను మార్చే కార్యక్రమాల మీద జరిగిన ఇతర అధ్యయనాల నాణ్యత ఇంత గట్టిగా లేదు. ఒకదానితో ఒకటి పోల్చడమూ కష్టం. రెండు రోజుల శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ గోడకు తగిలిస్తే గృహం మారుతుందని మాత్రం నేను నమ్మను.

ఎంత బాగా నడిపినా సంస్థ సంస్థే అన్న సంగతి కూడా మరవకూడదు. రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కూ పాలన కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ గృహాల్లో ఉన్నారు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో 136 మంది పసిపిల్లల్లో సగం మందిని శిక్షణ పొందిన ఫోస్టర్ కుటుంబాలకు, అంటే పరాయి బిడ్డను తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునే కుటుంబాలకు పంపి, ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబాల్లో పెరిగినవారు మేలుగా ఎదిగారు. మనుషులతో అనుబంధం పెంచుకోవడంలో రెండేళ్లలోపు వెళ్లినవారికి ఎక్కువ ప్రయోజనం కలిగింది. ఉయ్యాల, పాలు, శుభ్రమైన పక్క ఉన్నా, తన ఏడుపును గుర్తుపట్టే ఒక్క మనిషి లేకపోవడమే ఆ పిల్లలకు గాయమైంది. పేదరికం వల్ల మాత్రమే బిడ్డను వదులుకుంటున్న తల్లికి నెలనెలా కొంత సాయం అందించి బిడ్డను ఆమె దగ్గరే ఉంచడం, ఎంత మంచి బాలసదనం కంటేనైనా మంచి సంరక్షణ.

మంచితనం మీద భరోసా పెట్టుకోకూడదనడానికి మరో కారణం ముజఫర్‌పూర్. బిహార్‌లోని ఆశ్రయాలను టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం సామాజిక తనిఖీ చేసి 2018లో నివేదిక ఇవ్వడంతో అక్కడి బాలికల గృహంలో జరుగుతున్న లైంగిక హింస బయటపడింది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. వారిలో పిల్లల రక్షణ చూడవలసిన అధికారులు కూడా ఉన్నారు. రిజిస్టర్లు చూసే తనిఖీకి, పిల్లలతో కూర్చుని మాట్లాడే తనిఖీకి ఉన్న దూరాన్ని ఆ నివేదిక చూపించింది. జిల్లా తనిఖీ బృందం మూడు నెలలకు ఒకసారైనా రావాలని, ఆరేళ్లు, అంతకు పైబడిన పిల్లలున్న ప్రతి గృహంలో బాలల కమిటీ ఉండాలని చట్టం చెబుతోంది. ఆ కమిటీ ఫిర్యాదు చేసిన తర్వాత వంట మారిందా, స్నానాల గది గడియ బాగుపడిందా అన్నదే కొలత. పిల్లలు చిన్న సంగతి చెప్పినప్పుడు పని జరిగితేనే పెద్ద సంగతి చెప్పే ధైర్యం చేస్తారు.

చివరిగా, గృహం నుంచి వెళ్లే రోజు గురించి. చాలాచోట్ల వచ్చే రోజుకు ఒక పద్ధతైనా ఉంటుంది, వెళ్లే రోజుకు అదీ ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండగానే సంచి సర్దుకోమంటారు. 21 ఏళ్లు వచ్చే వరకు అనంతర సంరక్షణకు చట్టం వీలు కల్పించినా, ఆ సంగతి ఆ పిల్లకు తెలియకపోవచ్చు. ఒకసారి వదిలివేయబడిన మనిషికి ఇది రెండోసారి. దీనికి ఏడాది ముందు నుంచే పని మొదలుపెట్టవచ్చు: బ్యాంకు ఖాతా, ఆధార్, సర్టిఫికెట్లు, ఉండబోయే హాస్టల్‌ను ముందుగా రెండుసార్లు చూసి రావడం, ఇన్నేళ్ల ఫొటోలు, ప్రోగ్రెస్ కార్డులు, తొలి రోజు వేసుకొచ్చిన గౌను ఒక పెట్టెలో సర్ది ఇవ్వడం. ఏ గంటకైనా ఎత్తుతామని మాట ఇచ్చిన ఒక ఫోను నంబరు. మొదటి జీతం వచ్చిన నెలలోనో, జ్వరం వచ్చిన రాత్రో ఆమె ఆ నంబరుకు ఫోను చేస్తే, అప్పుడు డ్యూటీలో ఎవరున్నా ఆమె పేరు గుర్తుపట్టి "చెప్పమ్మా" అనగలగాలి.